ఖాళీ పెట్టెల వరస

మెట్ల అడుగున ముసలాయన వెల్లకిలా పడి ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. కళ్లజోడు ఒక చెవికి వేలాడుతోంది.

ఉదయం తొమ్మిదిన్నర. ప్రాణం పోయి గంట దాటిందన్నాడు డాక్టరు.

పోయినవాడు ఇంగ్లిషు-తెలుగు డిక్షనరీ ఎడిటరు. పై గదిలోనే పని, అక్కడే పడక.

"తోసేసింది సార్, ఈ శిష్యురాలే! పైన ఉన్నది ఇద్దరే. దభీమని చప్పుడు! వీధిలోకి చూస్తే ఈ పిల్ల ఓ అట్టపెట్టెను బండికెక్కించుకుని ఉడాయిస్తోంది!" అన్నాడు డిక్షనరీ వేయిస్తున్న యజమాని.

"అట్ట మీద పేరు కోసం సార్," అందుకున్నాడు అతని బావమరిది. "ఆయన పోతే ఈవిడగారే కదా ఎడిటరు!"

"ఆ కుర్చీ నీకేమన్నా చేదా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"నేను ప్రెస్సులో ఉన్నాను సార్. బండి దింపించుకున్నది నేనే. కావాలంటే కూలీలనడగండి!"

ఇన్‌స్పెక్టర్ శిష్యురాలి వైపు తిరిగాడు. నా అన్నవాళ్లు లేని పిల్ల. పసితనంలోనే తెచ్చుకుని, పెంచి, చదువు చెప్పింది ఆ ముసలాయనే.

"తోశావా?"

"లేదు."

"ఎలా పడ్డాడు?"

"కళ్లు తిరిగి ఉంటాయి."

"ఏదో దాస్తున్నావు."

"తీసుకుపోయి లోపలేసుకోండి సార్. నేనింకేం చెప్పను."

ఇన్‌స్పెక్టర్ మెట్లెక్కాడు. మెట్ల గొయ్యి చుట్టూ రెయిలింగు లేదు. దాని చోట నడుమెత్తు అట్టపెట్టెల వరస. ముసలాయన కుర్చీ దగ్గర మొదలై మెట్ల గొయ్యి అంచునే సాగి, అవతల మూలకు చేరుతుంది. ఆ మూలలో ఎడమ పక్కన మంచినీళ్ల కుండ. పెట్టెల మీద ఇంగ్లిషు అక్షరాలు, ఒక్కో అక్షరం మాటల చీటీలకు ఒక్కో పెట్టె. 'ఏ' తీసి చూశాడు. ఖాళీ. బి ఖాళీ. ఓ దాకా అన్నీ ఖాళీ. పి ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఖాళీ పెట్టె కూడా లేదు. సరిగ్గా ఆ సందు కిందే మెట్లు. అవతల క్యూ నుంచి మళ్లీ నిండు పెట్టెలు.

పెట్టెల మూతల మీద దుమ్ము. ఆ దుమ్ములో వేళ్లు రాసుకుపోయిన సన్నటి దారి.

ఇన్‌స్పెక్టర్ చెయ్యి ఆ దారి వెంట పోయి, పి లేని చోట ఆగింది. నిజం చెబితే ఈ పిల్లకు జైలు తప్పుతుంది. ఇంకేదీ తప్పదు.

ముగ్గురినీ పైకి పిలిచాడు.

"రెయిలింగు ఏమైంది?"

"కాగితం బేళ్లు ఎక్కించడానికి తీయించాం సార్," నసిగాడు యజమాని. "మళ్లీ పెట్టిద్దామనే..."

"ఎప్పుడు? మనిషి పోయాకా?" ఇన్‌స్పెక్టర్ ముసలాయన కళ్లజోడు బల్ల మీద పెట్టాడు. "అద్దాల మీద దుమ్ము చూడండి. చూపున్నవాడైతే తుడుచుకోడా? ఆయనకు కళ్లు పోయాయి. ఈ అమ్మాయి చదివేది, ఆయన చెప్పేవాడు, ఈ అమ్మాయి రాసేది. అంతేనా తల్లీ?"

ఆమె గోడకు చేరబడింది. "కళ్లు కనపడనివాడి పేరు అట్ట మీద వేయరని... ఎవరికీ చెప్పనని మాస్టారికి మాటిచ్చాను సార్."

"గుడ్డివాడికా నేను ఇన్నాళ్లూ జీతమిచ్చింది!" అన్నాడు యజమాని.

"నోర్ముయ్!"

ఇన్‌స్పెక్టర్ ఆమె వైపు తిరిగి గొంతు తగ్గించాడు.

"వరస మీద చెయ్యి వేసుకుని నడిచేవాడు. వరస అయిపోయిన చోట ఎడమకు తిరిగితే కుండ. అక్షరం పూర్తయి ప్రెస్సుకు వెళితే, ఆ చోట ఖాళీ పెట్టె పెట్టేదానివి. ఇవాళ వరస మధ్యలోనే..."

ఆయన ఆపాడు. ఆమె పి ఉండాల్సిన చోటు చూసింది. నోటి మీద చెయ్యి వేసుకుంది.

"పిలో ఒక్క మాట ఆర్నెల్లుగా తేలలేదు సార్," అంది. "ప్యూపిల్. పుట్టుక లాటిన్లో. బొమ్మలాంటి చిన్నపిల్ల. దిక్కులేని పసివాళ్లనీ అదే మాటతో పిలిచేవాళ్లు. వాళ్లను పెంచే చోట చదువుకునేవాళ్లయ్యారు, శిష్యులయ్యారు. ఎదుటివాళ్ల కంట్లో మన బొమ్మ చిన్నగా కనపడుతుంది కదా, అందుకని కంటిపాపకూ అదే పేరు. మనవాళ్లూ పాపే అన్నారు చూడు, అని పొద్దున మాస్టారు ఎంత నవ్వారో! 'అనాథవీ నువ్వే, శిష్యురాలివీ నువ్వే. ఇలా రా, నా కంట్లో ఉన్నావా?' అన్నారు. 'ఉన్నాను మాస్టారూ' అన్నాను. 'అయితే పాపవీ నువ్వే. పి అయిపోయింది, పరిగెత్తు, బండి వెళ్లిపోతుంది' అన్నారు. పరిగెత్తాను సార్. వచ్చాక పెడదాంలే అనుకున్నాను."

"అట్ట మీద ఆయన పేరే ఉంటుంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్ యజమానితో. "రెయిలింగు సంగతి మాత్రం కోర్టులో తేల్చుకుందాం. పేరూ వేస్తావు, కోర్టుకూ వస్తావు."

ఆమె అప్పటికే మెట్లు దిగుతోంది. కానిస్టేబుల్ అడ్డం రాబోతే ఇన్‌స్పెక్టర్ వద్దన్నాడు.

ముసలాయన పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. మొహం మీదికి వంగింది. మసకేసిన ఆ కళ్లలోకి ఇటు నుంచి చూసింది, అటు నుంచి చూసింది. చెంగుతో సుతారంగా రెప్పల అంచులు తుడిచి, మళ్లీ చూసింది.

"లేను మాస్టారూ," అంది.