శాంభవి తోడంగం కనబడలేదు

సీతమ్మధారలో ఆ ఇల్లు చచ్చిపోయిన కుక్క కోసం వెతుకుతోంది. కుక్క పోయి నెలలు గడిచాయి. అయినా తెల్లవారగానే వరండా తలుపు దానంతటది ఓరగా తెరుచుకునేది. ఎవరూ బయటికి పోకపోయేసరికి మళ్ళీ మూసుకునేది. ఆ వెంటనే వంటింటి గోడమీద ఎర్రటి అక్షరాలు పడేవి: "బ్రూనో తోడంగం కనబడలేదు."

మృదుల ఆ గోడ ముందు పీట వేసుకుని కూర్చుని దినచిట్టా చదువుతోంది. అది ఇళ్ళకు బుద్ధి పెట్టిన కాలం. గోడల్లో ఉండే గృహబుద్ధికి నడిమధ్య ఒక మూలం ఉంటుంది. ఇంట్లో మసిలే ప్రతి ప్రాణి అలవాట్లూ నేర్చుకుని, ఒక్కొక్కరికి ఒక్కొక్క తోడంగం తయారుచేసి, ఇల్లు దాన్ని ఆ మూలానికి తగిలించుకుంటుంది. ఎవరికి నీళ్ళు ఎంత వేడిగా ఉండాలి, ఎవరు అలిగితే ఏ దీపం తగ్గించాలి, ఎవరి దగ్గర ఏ సంగతి ఎత్తకూడదు, అన్నీ దానికి తెలుసు. మనుషులు ఒకరినొకరు అడిగి తెలుసుకోవలసిన పని చాలావరకు తప్పిపోయింది. ఇల్లు తాను రోజంతా చేసిందీ చేయలేకపోయిందీ చిట్టాలో రాసుకుంటుంది. ఆ చిట్టా చదివి ఇంటి జబ్బు చెప్పడం మృదుల ఉద్యోగం.

ఇల్లుగలావిడ పైడితల్లి గారు ఇదేమైనా ప్రమాదమా అని రెండుసార్లు అడిగింది. మృదుల ప్రమాదం లేదని చెప్పింది. కుక్క పోయాక దాని తోడంగాన్ని తీసేశారు, కానీ ఇంట్లో ఎవరో మాటతోనో అలవాటుతోనో దాన్ని ఇంకా పిలుస్తున్నారు. పిలిచినప్పుడల్లా మూలం వెతుకుతుంది, దొరక్క హెచ్చరిక రాస్తుంది. ఆ పిలిచేదెవరో పట్టుకుంటే చాలు అని చెప్పి, పిలుపుజాడ తీసి చూసింది. పైడితల్లి గారి భర్త పేరు పడింది. ఆయన రోజూ పొద్దున్నే చేతిలో సగం బిస్కెట్ పట్టుకుని వరండా తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడుతున్నాడు.

"అయితే ఇంట్లోంచి తీయించాల్సింది ఈయన్నన్నమాట," అంది పైడితల్లి గారు.

ఆయన తల వంచుకున్నాడు. "తలుపు తెరుచుకుంటే ఎవరికేం నష్టమమ్మా. ఉండనీ," అన్నాడు మృదులతో.

ఆమె ఉండనిచ్చింది. కానీ మధురవాడలో తన ఇంటికి వెళ్ళే బండిలో కూర్చున్నంతసేపూ ఆ సగం బిస్కెట్ ఆమెను పొడుస్తూనే ఉంది. ఇల్లు ఊరికే పిలవదు. ఇంట్లో ఒకరి మనసు ఇంకా ఆ గుమ్మం దగ్గరే నిలబడి ఉంటే తప్ప.

ఆమె ఇంట్లోనూ రోజూ ఒక హెచ్చరిక పడుతుంది. "శాంభవి తోడంగం కనబడలేదు."

శాంభవి త్రినాథ్ మొదటి భార్య. గొడవ లేదు, పంచాయితీ లేదు. ఒకరోజు వెళ్ళిపోతానంది, వెళ్ళిపోయింది. విడిపోయినవాళ్ళు తమ తోడంగాన్ని తమతో తీసుకుపోవచ్చునని చట్టం ఉంది కాబట్టి అదీ తీసుకుపోయింది. ఆ తర్వాత త్రినాథ్ మృదులను చేసుకున్నాడు. పోర్టులో క్రేన్లు చూసుకునే ఉద్యోగం అతనిది. నెమ్మదస్తుడు, మాట తక్కువ. కాపురానికి వచ్చిన కొత్తలోనే ఒక సాయంత్రం గోడమీద ఆ పేరు చూసి మృదుల అడిగింది. "హెచ్చరికే కదా," అని అతను అన్నం కలుపుకున్నాడు.

అప్పటినుంచీ ఆమెకు ఆ ఇల్లంతా శాంభవే. స్నానాలగది తలుపుకున్న కొక్కెం ఆమెకు అందదు. శాంభవి పొడుగరి. పోపులడబ్బాలో మెంతుల గిన్నె ఎడమ పక్కన ఉండేది, మృదుల దాన్ని కుడి పక్కకు మార్చింది. రెండురోజులకు త్రినాథ్ చెయ్యి అలవాటుగా ఎడమ పక్కకే పోయింది. ఆ పూట ఆమె అన్నం తినలేదు. పాత ఫొటో ఒకటి సంపాదించి శాంభవి ముక్కు తన ముక్కుకంటే ఏం బాగుందో అద్దం పక్కన పెట్టి చూసుకుంది. అత్తగారు అప్పలనరసమ్మ సంగతి సరేసరి. కళ్ళు పోయి చాలా కాలమైన ఆవిడకు ఇల్లే చూపు. ఎటు అడుగు వేయాలో ఇల్లు నేలను సన్నగా వణికించి చెబుతుంది. ఆవిడ మంచంమీద కూర్చుని తమలపాకు నములుతూ, "ఆ పిల్ల ఎప్పుడూ నవ్వుతానే ఉండీదమ్మా. ఒక్కనాడు నోరెత్తనేదు," అంటూ ఉంటుంది. ఆ పిల్ల ఉన్నన్నాళ్ళూ సాయంత్రాలు రేడియో ఎంత గట్టిగా పాడేదో కూడా చెబుతుంది.

తాను రేపు వెళ్ళిపోతే ఈ ఇల్లు ఒక్కసారైనా తన పేరు పెట్టి పిలుస్తుందా? మృదులకు రోజూ ఇదే ఆలోచన.

అంతకుముందు రాత్రి భోజనాల దగ్గర ఆమె తెగించి అనేసింది, మూలం మొత్తం తుడిపించేద్దామని. తుడిస్తే శాంభవిని పిలిచే వాక్యమూ పోతుంది, దాంతోపాటు మిగిలినవాళ్ళ తోడంగాలూ పోతాయి. అత్తగారి అడుగులు ఇల్లు మళ్ళీ మొదటినుంచీ నేర్చుకోవాలి. అది నేర్చుకునేలోగా ఆవిడ గుమ్మం తట్టుకుని పడవచ్చు, తుంటి విరగవచ్చు. అది తెలిసే అంది. అతను కోప్పడతాడనుకుంది. శాంభవి గురించి ఏదో ఒకటి నోరు జారుతుందనుకుంది.

"నీ పని నీకు తెలుసు. తుడవాలంటే తుడువు. అమ్మను మనం చేయి పట్టుకుని నడిపిద్దాం," అన్నాడు త్రినాథ్.

అంత తేలిగ్గా ఒప్పుకున్నాడంటే లోపల ఎంత దాచుకున్నాడో అని ఆమెకు మరింత మండింది.

మూలం తుడవడానికి ముందు పిలుపుజాడ తీయాలి, అది నియమం. ఊళ్ళో ఏ ఇంట్లోనైనా ఆమె మొదట చేసే పని అదే. తన ఇంట్లో మాత్రం ఇన్నాళ్ళూ చేయలేదు. అతని పేరు పడుతుందని భయం. పేరు పడ్డాక ఆ ఇంట్లో ఇక ఉండలేననుకుంది. సీతమ్మధార నుంచి వచ్చిన ఆ సాయంత్రం, చెప్పులు విప్పి కాళ్ళైనా కడుక్కోకుండా, గోడ ముందు నిలబడి జాడ అడిగింది.

గోడమీద పేరు పడింది. "మృదుల."

ఆమె మళ్ళీ అడిగింది. అదే పేరు. పాత చిట్టాలు వెనక్కి తిప్పింది. పడిన ప్రతి హెచ్చరికకూ పిలిచిన మనిషి మృదులే. పిలిచిన సందర్భమూ ఇల్లు రాసిపెట్టింది: వంటింటి కుళాయి తిరిగి ఉంది, కింద గిన్నె లేదు, మనిషి కదలడం లేదు.

కుళాయికేసి చూసింది. సాయంత్రం గోడమీద ఆ పేరు చూస్తుంది. చూశాక కుళాయి తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో కాసేపు ఏడుస్తుంది. అదీ తన రోజు. ఆ పేరు ఎరగక ముందు, కొత్త కాపురంలో పుట్టింటి మీద బెంగతో ఏడ్చినప్పుడూ ఇలాగే కుళాయి తిప్పింది. ఆమె ఏడ్చినప్పుడల్లా ఇల్లు శాంభవిని పిలిచింది. పిలిచినందుకు హెచ్చరిక పడింది. ఆ హెచ్చరిక చూసి ఆమె మర్నాడు మళ్ళీ ఏడ్చింది.

అంటే ఈ చోట, ఇలా కుళాయి తిప్పుకుని నిలబడే మనిషిని ఇల్లు ఇదివరకే ఎరుగును. ఆ మనిషి అలా నిలబడితే ఏం చేయాలో కూడా నేర్చుకుంది. తోడంగం పోయినా అది చెప్పిన పనులు మూలం అడుగున మిగిలే ఉన్నాయి. మృదుల గోడమీది రాతను వేలితో పైకి జరిపి చదివింది. పెద్దావిడ గదిలో రేడియో పెంచు. ముందుగది తలుపు దగ్గరగా వెయ్యి. ఆయన అడుగు గుమ్మంలో వినబడగానే కుళాయి కట్టెయ్యి, వంటింటి దీపం తగ్గించు.

ఎవరూ దానికి అలా చేయమని చెప్పి ఉండరు. శాంభవికి ఎవరికీ వినబడడం ఇష్టం లేదని ఇల్లు కనిపెట్టింది, కనిపెట్టి వినబడకుండా చేసింది. అలా చేసి చేసి ఆమెను ఈ ఇంట్లో నవ్వుతూ ఉండే మనిషిని చేసింది.

ఆ క్షణంలో కూడా మృదులకు మొదట వచ్చింది అసూయే. ఆమె ఏడుపునైనా ఇల్లు అంత శ్రద్ధగా దాచింది కదా. తనకు ఆ పాటి అయినా లేదు. ఆ మాట అనుకున్నాకే, తన ఏడుపును ఎవరూ దాచలేదంటే అర్థమేమిటో తట్టింది. పక్క గది తలుపు బార్లా తీసి ఉంది.

"ఇయ్యాల ఏడవనేదేటమ్మా?" అంది లోపలినుంచి అప్పలనరసమ్మ.

మృదుల గుమ్మంలో నిలబడిపోయింది. ఎన్నాళ్ళ నుంచి వింటున్నారని అడిగింది.

"వొచ్చిన కాడినుంచీ. కళ్ళే నేవు గాని చెవులుండాయి కదా," అంది ఆవిడ. కోడలు తనంతట తాను చెబుతుందని చూశానంది. ఆ పిల్లలా నవ్వుతూ ఉండమని చెబితే మనసు మళ్ళుతుందేమో అనుకుని ఆ మాట రోజూ చెప్పానంది. కోడలు ఏడుస్తోందని కొడుకుతో కూడా చెప్పిందట. ఏం కావాలో ఇల్లే చూసుకుంటుందిలే అమ్మా అన్నాడట.

మృదుల మంచం పక్కన కింద కూర్చుని, శాంభవి సంగతి చెప్పింది. అప్పలనరసమ్మ నమలడం ఆపింది. "రేడియో అందుకా," అంది. "నాను పాట బాగుందని తల ఊపీదాన్నే."

త్రినాథ్ వచ్చేసరికి ఇద్దరూ అలాగే ఉన్నారు. మృదుల అతన్ని గోడ దగ్గరికి పిలిచి చదవమంది. అతను నిలబడే చదివాడు. ఆఖరి వాక్యం దగ్గరికి వచ్చాక మళ్ళీ మొదటికి వెళ్ళాడు.

"ఇల్లు నాకెప్పుడూ చెప్పలేదే," అన్నాడు.

కుర్చీ లాక్కుని కూర్చుని, బూట్లు విప్పబోయి, విప్పకుండానే మోకాళ్ళమీద తల పెట్టుకున్నాడు. భుజాలు కదిలాయి. ఇన్నాళ్ళ కాపురంలో మృదుల అతను ఏడవడం చూడలేదు. ఇన్ని నెలలూ చిట్టాల్లోనూ మెంతుల గిన్నెలోనూ వెతికింది ఇప్పుడు కళ్ళెదుట కనబడింది. అతను శాంభవి కోసం ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు అంతకుముందు అతనిలో లేదు. తానే తవ్వి తీసి అతని చేతిలో పెట్టింది. చెప్పకుండా ఆ మూడు వాక్యాలూ చెరిపేసి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. అది ఆమెకు చేతనైన పనే.

"ఒకసారి వెళ్ళి మాట్లాడి వస్తాను," అన్నాడతను తల ఎత్తకుండానే. "క్షమించమని అడగాలి. నువ్వు వద్దంటే వెళ్ళను."

ఆమెకు వద్దనాలని ఉంది. వెళ్ళమనాలనీ ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కింది. అతను అది వినిపించుకోలేదు.

"ఎల్దువులే," అంది అప్పలనరసమ్మ పక్క గదిలోంచి. "ఎల్లిపోయినదాని కోసం ఇప్పుడేడుస్తన్నావు. ఉన్నది నీ ముందే ఏడుస్తంది, అదీ ఇల్లే సెప్పాలేట్రా?"

త్రినాథ్ తల ఎత్తి చూశాడు. అలవాటు ప్రకారం అతని కళ్ళు మొదట గోడకేసి వెళ్ళాయి. అక్కడ కొత్తగా ఏమీ పడలేదు. అప్పుడు మృదుల ముఖంలోకి చూశాడు. ఏమడగాలో తెలియని మనిషిలా కాసేపు తడుముకున్నాడు. ఈ ఇంట్లో ఎవరూ ఎవరినీ ఏమీ అడిగి ఎరగరు.

"ఎందుకు ఏడుస్తున్నావు?" అని అడిగాడు.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని అతనికి ఎదురుగా కూర్చుంది. ఎక్కడ మొదలుపెట్టినా ఆ పేరే అడ్డం వస్తోంది. చివరికి దానితోనే మొదలుపెట్టింది.

"శాంభవి," అంది మృదుల.