పొడుగమ్మ మింగిన పూలదండలు

"ఈ సాయంత్రమే యువరాజుకు శాపవిమోచనం! చంద్రుడు ఉదయించే వేళ మన జిరాఫీ తనంతట తానుగా నాకితే ఆ శిలకు ప్రాణం వస్తుంది!"

ముని చెప్పిన ఈ కబురుకు సింధుగిరి నగరం గంతులు వేసింది. పెళ్ళైన మర్నాడే రాతిబొమ్మగా మారిన భర్త మణికంధరుడి బుగ్గను చారుమతి గిల్లింది. ఆమె గోరే నొచ్చింది. అయినా నవ్వుకుంది.

సముద్రాల అవతలి నుంచి తెచ్చి కటకటాల్లో ఉంచిన ఆ జిరాఫీని ప్రజలు పొడుగమ్మ అని పిలిచేవారు. పట్టరాని సంతోషంతో దాని మెడలో దండలు వేశారు. వేసిన దండ వేసినట్టే నారతో సహా అది మింగేసింది. మధ్యాహ్నానికి పొట్ట నగారాలా ఉబ్బి, కూలబడి మూలగసాగింది.

గురుకులంలో పశువైద్యం చదివిన చారుమతి దాని పొట్ట తడిమి చూసింది.

"నార ఉండకట్టి దారి మూసేసింది అత్తయ్యా. కోసి తీయకపోతే చంద్రోదయం దాకా బతకదు," అని మహారాణితో చెప్పింది.

నొప్పి తెలియనివ్వని మత్తుపువ్వు ధూమకేశుడనే రాక్షసుడి తోటలో మాత్రమే ఉంది. చారుమతి గుర్రం మీద ముళ్ళడవి దాటి, సుడులు తిరిగే ఏరు ఈది తోట చేరింది. రాక్షసుడు అడ్డం నిలిచాడు.

"నిజం చెప్పు పిల్లా, లేదా మింగేస్తా. ఇంతకుముందు ఎన్ని పొట్టలు కోశావు?"

"ఒక్క లేగదూడది."

"భయం లేదూ?"

"ఉంది. నువ్విలా మాటలు పెడుతుంటే ఇంకా పెరుగుతోంది!"

రాక్షసుడు పకపకా నవ్వి, పువ్వు కోసి, ఆమెను భుజాన ఎక్కించుకుని నగరానికి ఎగిరాడు.

పువ్వు వాసనకు పొడుగమ్మ కళ్ళు మూతలు పడ్డాయి. "దీని మెడ ఎత్తి పట్టుకో. వాలితే కడుపులోది గొంతులోకి వచ్చి ఊపిరాడదు," అని చారుమతి ధూమకేశుడికి చెప్పి, ఎడమ డొక్కలో కత్తి దించింది. రక్తం చూడగానే వాడు దబ్బున పడ్డాడు. వాలిపోతున్న మెడ కింద మహారాణి తన భుజం పెట్టింది.

"నరమాంసం తినేవాడివి కదరా!" అని మహారాణి గదిమింది.

"వండి పెడితేనమ్మా," అని వాడు నీరసంగా గొణిగాడు.

చారుమతి మోచేతి దాకా చెయ్యి పెట్టింది. జారిపోతున్న నార ఉండను ఒడిసి పట్టి, కడుపులోది ఒక్క చుక్కా లోపల ఒలకకుండా లాగింది. గుమ్మడికాయంత ఉంది! పట్టుదారంతో కడుపును, ఆపైన చర్మాన్ని కుట్టింది.

శిలను పొడుగమ్మ పక్కకు తెచ్చారు. చంద్రుడు పైకి వచ్చాడు. పొడుగమ్మ కదలలేదు. చారుమతి దాని చెవి నిమురుతూ, "లేమ్మా," అని బతిమాలింది. రెప్పలు అదిరాయి. పొడవాటి నాలుక బయటికి వచ్చి ముందు ఆమె ముఖాన్ని, తరువాత శిలను నాకింది.

"ఇంత గరుకు ముద్దు ఎవరిది?" అన్నాడు మణికంధరుడు కళ్ళు తెరుస్తూ.

"నాది కాదు లెండి!" అని చారుమతి ఏడుస్తూనే నవ్వింది. తరువాత కటకటాల వైపు చూసింది. "అత్తయ్యా, గాయం మానగానే మేమిద్దరం దీన్ని ఓడలో దాని దేశానికి తీసుకెళ్తాం. రేపు పొద్దున్నే మాత్రం ఈ కటకటాలు ఊడదీయిస్తాను."