నలభై రెండో కాగితం

"మా నాన్న తప్పు రాయడండీ!" అంటూ ఆమె కుర్చీలో కూలబడింది.

ఎదురుగా కూర్చున్న డిటెక్టివ్‌ని అందరూ 'భూతద్దం' అంటారు, ఉన్నవి చత్వారం అద్దాలే అయినా. అసిస్టెంటు రిటైరైన టైపిస్టమ్మ. ఆయన తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉందని ఆమె నమ్మకం.

వచ్చినామె తండ్రి ప్రభుత్వ ఖనిజ శాస్త్రవేత్తగా రిటైరయ్యారు. ఆయన పరీక్షించిన కొండను ఐదేళ్లుగా తవ్వుతున్నారు. ఇప్పుడు కూలీలు దగ్గుతో మంచం పట్టారు. ఆయన నోటుబుక్కులో నలభై రెండో కాగితం మీద 'హాని చేసే నారరాయి (ఆస్బెస్టాస్) లేదు' అని ఉంది.

"నాన్నకి జ్ఞాపకం తగ్గింది. ఆ పాపం తనదేనని భోజనం మానేశారు."

మర్నాడు ఉదయం ముగ్గురూ పెద్దాయన పనిచేసిన ఆఫీసుకు వెళ్లారు. రికార్డు గుమాస్తా నోటుబుక్కు తెచ్చి, చేత్తో తుడిచి మరీ ఇచ్చాడు.

"నిండా చిల్లులేమిటి?" అన్నాడు భూతద్దం.

"కొండ మీదే రాయి మీద యాసిడ్ చుక్క వేసి చూసేవారండి సారు. సీసా మూత సరిగ్గా పెట్టరు!" గుమాస్తా నవ్వాడు.

"రిపోర్టుకి శుద్ధప్రతి ఎవరు రాసేవారు?"

"నేనే. ఇరవై ఏళ్లు."

భూతద్దం డైరెక్టరును కూడా పిలిపించాడు.

"రాత ఆయనదేగా, ఇంకేం విచారణ?" అన్నాడు డైరెక్టరు విసుగ్గా.

"నలభై నుంచి నలభై ఐదు దాకా ఒకేచోట చిల్లు. నలభై రెండు మాత్రం చెక్కుచెదరలేదు. యాసిడ్ మధ్యలో ఒక్క కాగితాన్ని వదిలి దూకదు కదండీ! కుట్టు దగ్గర కోసి, వేరేది అంటించారు. ఇరవై ఏళ్లు ఆయన రాత చూసి రాసిన చెయ్యికి అదేమంత కష్టం?"

గుమాస్తా ముఖం పాలిపోయింది.

"యాసిడ్ తడికి రెండు కాగితాలు అంటుకుపోయాయండి. శుద్ధప్రతి రాసేటప్పుడు కలిపి తిప్పేశాను. సారు హెచ్చరిక రిపోర్టులోకి ఎక్కలేదు. కూలీల సంగతి విని పుస్తకం తీస్తే అవి విడిపోయాయి. భయపడి మార్చేశాను."

"అసలుది చింపేశారా?"

"సారు రాతని ఎలా చింపనండీ?"

చొక్కా జేబులోంచి మడత కాగితం తీశాడు. నలభై ఒకటి మీద పెడితే చిల్లులు కలిశాయి. టైపిస్టమ్మ పైకి చదివింది: 'నారరాయి ఉంది. దుమ్ము ప్రాణాంతకం. తవ్వకూడదు.'

డైరెక్టరు తవ్వకం ఆపించడానికి ఫోను అందుకున్నాడు.

"సారుకి నేనే చెబుతానమ్మా," అన్నాడు గుమాస్తా.

ఇంటికి వెళ్లి చెప్పాడు, తలుపు దగ్గరే నిలబడి. పెద్దాయన కాగితం మీది చిల్లుకు వేలు ఆనించారు.

"తవ్వడం ఆపారా?"

"ఈ పొద్దున్నే ఆపారు నాన్నా."

"దగ్గుతున్నవాళ్ల పేర్లు రాసుకురా," అన్నారాయన గుమాస్తాతో. "ఈసారి ఒక్క కాగితం కూడా వదలకు."

తర్వాత కూతుర్ని భోజనం పెట్టమన్నారు.