సవరణలో లేని తప్పు

అమర్నాథ్ రాసిన మొదటి వార్తను జ్యోతిర్మయి నిలబడే చదివింది. కూర్చుని చదివేంత సరుకు అందులో లేదని మొదటి వాక్యానికే తేలిపోయింది.

"'మాచర్ల ఆకాశం ఆ సాయంత్రం బోరున ఏడ్చింది.' ఆకాశం స్టేట్‌మెంట్ ఎవరు తీసుకున్నారండీ? మీరా, పోలీసులా?"

"అది ఫీలింగ్, మేడం."

"వానలో మిరపకాయల ట్రాక్టర్ బోల్తా పడిందని రాయమంటే ఫీలింగేంది? డ్రైవర్ ఏమయ్యాడు?"

"కాలు విరిగిందండీ. నాలుగో పేరాలో ఉంది."

"నాలుగో పేరా దాకా ఆ మనిషి రోడ్డు మీదే పడుండాలా?"

పక్క టేబుల్ దగ్గర కంప్యూటర్లో పేజీలు కట్టే ఇన్నయ్య ఫక్కున నవ్వాడు. జ్యోతిర్మయి జడలో దోపుకున్న ఎర్ర పెన్ను తీసి ఆకాశం మొత్తాన్ని కొట్టేసి, కాగితాన్ని అతని మీదికి విసిరింది. సరిగ్గా ఆ క్షణంలోనే అమర్నాథ్ పని అయిపోయింది. దాన్ని ప్రేమంటారని అతనికి మధ్యాహ్నం భోజనం సహించనప్పుడు గానీ తెలియలేదు.

నరసరావుపేటలో ఒక ఫోటో స్టూడియో పైన రెండు గదుల్లో నడిచే వారపత్రిక 'నాగులేటి వాణి'. పత్రిక చిన్నదే గానీ ఎడిటర్ కృపాదానం గారి పట్టింపులు పెద్దవి. కొత్తగా చేరినవాళ్లు మూడు నెలల్లో వార్త, ఫీచర్, ఇంటర్వ్యూ, సంపాదకీయం, నివాళి అన్నీ రాయడం నేర్చుకోవాలి. నేర్పేది సబ్ ఎడిటర్ జ్యోతిర్మయి. ఆమె సరేనంటే ఉద్యోగం. కాదంటే రాజుపాలెం వెళ్లి నాన్నతో పాటు మిరప తోటకు మందు కొట్టుకోవడమే.

మందు కొట్టడానికి అమర్నాథ్‌కు అభ్యంతరం లేదు. రాజుపాలెంలో జ్యోతిర్మయి ఉండదు, అదీ బాధ.

అందుకని బుద్ధిగా నేర్చుకున్నాడు. ఎంత బుద్ధిగా అంటే, ముప్పై ఏళ్లుగా గురజాల బస్టాండ్ దగ్గర దోసెలు పోస్తున్న బషీరున్నీసా మీద ఫీచర్ రాయమంటే ఇట్లా రాసుకొచ్చాడు: 'బుధవారం ఉదయం ఆరు గంటలకు గురజాల బస్టాండ్ వద్ద బషీరున్నీసా (62) దోసెలు పోసింది. ఘటనలో ఎవరికీ గాయాలు కాలేదు.'

ఈసారి జ్యోతిర్మయి కూర్చునే చదివింది. చదివి, పెదవి బిగబట్టి, ఇక ఆపుకోలేక టేబుల్ మీద తల వాల్చి నవ్వింది.

"ఫీచర్లో ఫీలింగ్ ఉండాలండీ!"

"ఉంటే కొట్టేస్తారని..."

"ఎక్కడ ఉండాలో అక్కడ ఉండాలి. మీకు ఉప్పు వెయ్యమంటే పాయసంలో వేస్తారు, పప్పు చప్పగా దించుతారు."

ఆ నవ్వు కోసం మరో పది ఫీచర్లు పాడుచేయడానికైనా అతను సిద్ధమే.

చివరికి నివాళి మిగిలింది.

"మనిషి పోయాక హడావుడిగా రాస్తే తప్పులు పడతాయి. పెద్దవాళ్లవి ముందే రాసి 'రెడీ' ఫోల్డర్‌లో పెట్టుకోవాలి," అంది జ్యోతిర్మయి. "మా తాతయ్య దగ్గరికెళ్లండి. ఎనభై ఆరేళ్లు. అన్నీ ఆయనే చెప్తాడు."

గోపాలకృష్ణయ్య సాగర్ కుడి కాలువ మీద వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరైన మనిషి. తన నివాళి తనే చెప్పి రాయించుకునే అవకాశం వచ్చేసరికి ఆయనకు పట్టపగ్గాల్లేవు.

"'కన్నుమూశారు' అని రాయరా అబ్బాయ్. 'తనువు చాలించారు' అనమాక, సన్యాసినేమో అనుకుంటారు. తొంభైలో గండి పడితే మూడు రోజులు కట్ట మీదే ఉన్నా, అది రాయి."

"రెండు రోజులే," అంది లోపలి నుంచి ఆయన భార్య కోటేశ్వరమ్మ. "మూడో రోజు ఇంట్లో చేపల పులుసు తిన్నాడు."

మంగళవారం సాయంత్రం ఆఫీసులో కూర్చుని అమర్నాథ్ ఆ నివాళి రాశాడు. ఈసారి చేయి తిరిగింది. ఎప్పుడు పోయారన్న చోట ఖాళీ వదిలాడు. చివర్లో ఆయనకు ఎవరెవరున్నారో రాయాలి. 'మనవరాలు జ్యోతిర్మయి ఉన్నారు' అని టైపు చేసి ఆగిపోయాడు. ఆ రోజంటూ వస్తే ఆమె ఏడుస్తుంది. పక్కన ఎవరూ లేకుండా ఆమెను అట్లా వదిలేయడానికి అతనికి మనసొప్పలేదు. 'మనవరాలి భర్త అమర్నాథ్' అని చేర్చి, చూసుకుని, తనలో తనే సిగ్గుపడ్డాడు.

చెరిపేద్దామనుకునేంతలో బయట వాన దంచుకొచ్చింది. తలుపు దగ్గర జ్యోతిర్మయి గొడుగు లేక నిలబడి ఉంది. అతను సేవ్ నొక్కి, గొడుగు పట్టుకుని పరిగెత్తాడు. బస్టాండ్ దాకా ఒకే గొడుగులో నడిచినవాడికి ఫోల్డర్లు గుర్తుంటాయా?

గురువారం జ్యోతిర్మయి చుట్టాలింట్లో ఓణీల ఫంక్షన్‌కని సెలవు పెట్టింది. ఎడిటర్ గారు పిడుగురాళ్ల వెళ్లారు. ఆఖరి నిమిషంలో ఒక ప్రకటన ఆగిపోయి మూడో పేజీలో జానెడు ఖాళీ మిగిలింది. ఇన్నయ్య 'రెడీ' ఫోల్డర్ తెరిచాడు. తాత నివాళి కనిపించింది. మనవరాలు సెలవులో ఉంది. ఇన్నయ్య రెండూ కలిపి చూసుకుని, అయ్యో అనుకుని, ఖాళీ ఉన్న చోట 'గురువారం' అని తనే చేర్చి పేజీ పంపేశాడు.

శుక్రవారం పొద్దున గోపాలకృష్ణయ్య ఇంటికి పూలదండలతో వచ్చినవాళ్లకు ఆయన అరుగు మీద పెసరట్టు తింటూ కనిపించాడు. దానికి జనం తేలిగ్గానే సర్దుకున్నారు. సర్దుకోలేకపోయింది రెండో సంగతికి. నాదెండ్ల నుంచి పెద్దత్త ఫోన్: "ఏమే జ్యోతీ, పెళ్లి చేసుకుని పిలవనన్నా పిలవలేదేందే?" విజయపురి సౌత్ నుంచి బాబాయి: "మామయ్య సంగతి సరేలే, పెళ్లి భోజనం ఎప్పుడు పెట్టారు?"

పది గంటలకు ఆఫీసులో ఇన్నయ్య తల వంచుకుని నిలబడి ఉన్నాడు.

"మొగుడని చూసైనా ఆగొద్దా ఇన్నయ్యా?" అన్నారు కృపాదానం గారు.

"రిజిస్టర్ మ్యారేజ్ చేసుకుని దాచారేమో అనుకున్నా సార్. ఒకే గొడుగులో పోతుంటే చూశాగా."

జ్యోతిర్మయి ముఖం ఎర్ర పెన్ను కన్నా ఎర్రగా ఉంది. కోపమో ఏమిటో అమర్నాథ్‌కు అంతుపట్టలేదు. ఉద్యోగం పోయినా ఫర్వాలేదు, ఈమె నా ముఖం చూడకపోతే ఎట్లా అనుకున్నాడు.

"సవరణ కూడా నేర్చుకోవాల్సిందే. తప్పు చేసినవాడే రాయాలి. ఎన్ని తప్పులుంటే అన్నీ దిద్దాలి," అని కృపాదానం గారు తన గదిలోకి వెళ్లిపోయారు.

అమర్నాథ్ రాశాడు. 'గోపాలకృష్ణయ్య గారు క్షేమంగా ఉన్నారు. పొరపాటుకు చింతిస్తున్నాం.' రెండో పేరా రెండుసార్లు చెరిపి మళ్లీ రాశాడు. 'జ్యోతిర్మయి గారికి అమర్నాథ్‌తో వివాహం జరిగిందనడం అవాస్తవం.'

అంతలో మెట్ల మీద చేతికర్ర చప్పుడైంది. గోపాలకృష్ణయ్య ఆయాసపడుతూ పేపర్‌తో సహా దిగబడ్డాడు.

"ఒరేయ్ అబ్బాయ్, చానా బాగా రాశావురా! చదువుతుంటే నాకే ఏడుపొచ్చింది. ఇందులో మొదటి తప్పుంది చూడు, నేను పోయానని. దాన్ని ఖండించినా ఖండించకపోయినా ఎప్పుడో ఒకప్పుడు నిజమయ్యేదే. రెండోది మాత్రం మొదటిదాని కంటే ముందే నిజం కావాల. నేను చూడాల."

"తాతయ్యా!" అంది జ్యోతిర్మయి.

"మీ నాయనకి నేను చెప్తాలే."

"ఎవరికి ఎవరు చెప్పినా, అడగాల్సింది నన్ను," అని ఆమె అమర్నాథ్ వైపు తిరిగింది. "నా పేరు పక్కన మీ పేరు ఎందుకు రాశారు? ముఖ్యమైన సంగతి మొదటి వాక్యంలోనే రావాలి. ఆకాశం రాకూడదు."

అమర్నాథ్ గొంతు సవరించుకున్నాడు. "రాజుపాలేనికి చెందిన అమర్నాథ్ (25) ఇదే ఆఫీసులో, మొదటి కాపీ ముఖాన విసిరిన రోజు నుంచి, జ్యోతిర్మయిని ప్రేమిస్తున్నాడు. కారణాలు తెలియాల్సి ఉంది."

లోపలి గదిలో కృపాదానం గారు దగ్గారు. ఆ దగ్గులో నవ్వు ఉంది.

జ్యోతిర్మయి సవరణ కాగితం లాక్కుని, జడలోంచి ఎర్ర పెన్ను తీసి, రెండో పేరా మొత్తం అడ్డంగా కొట్టేసింది.

"పెళ్లి కాలేదన్నది వాస్తవమే కదండీ," అన్నాడు అమర్నాథ్ అయోమయంగా.

"వచ్చే శుక్రవారం దాకా మా అమ్మానాన్నల్ని ఒప్పించడానికి టైముంది. ఒప్పుకున్నాక మళ్లీ ఆ సవరణకి ఇంకో సవరణ వేసుకోవాలా?" అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఉద్యోగంలో చేరినట్టే. పో, ఫ్రెష్ కాపీ తీసుకురా," అంది.

మూడు నెలల్లో ఆమె తనను నువ్వనడం అదే మొదటిసారి. అతను కాగితం మర్చిపోయి వెళ్లి, దానికోసం మళ్లీ వెనక్కి వచ్చాడు.

తర్వాతి శుక్రవారం మూడో పేజీలో సవరణ వచ్చింది. రెండే వాక్యాలు. కోటేశ్వరమ్మ కళ్లద్దాలు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చదివింది.

"ఏమయ్యా, పెళ్లి మాట తప్పని యాడా రాయలేదే?"

"తప్పయితేగా రాసేది. జ్యోతి వాళ్ల నాయన రాత్రే సరేనన్నాడు," అన్నాడు గోపాలకృష్ణయ్య. "మేకుకి ఆ పంచాంగం ఉంది, ఇట్టా తీసుకురా."