రెండు ఎడమ చేతులు

పొద్దున్నే కొట్టు తలుపు తీశాక కూతురు చేసే మొదటి పని, తల్లి మెడలోని కొలతల టేపు సరిచేయడం. టేపు చివర గుండుసూదితో గుచ్చిన దూది ఉండ వేలాడుతుంటుంది. దానిమీద రోజ్‌మేరీ ఆకుల ఘాటైన నూనె రెండు చుక్కలు వేసి, "పీల్చమ్మా" అంటుంది. తల్లి కళ్లు మూసుకుని గట్టిగా పీల్చి, "బాగుందే చిట్టీ, బుర్ర తేటపడింది" అంటుంది. మూలన కూర్చుని గుండీల కాజాలు కుట్టే తండ్రి తలెత్తడు.

ఇంటి ముందుగదే దర్జీ కొట్టు. వీధిలో అందరూ తల్లిని మాస్టరమ్మ అంటారు. బట్టమీద కత్తెర పెట్టాక వెనక్కి చూసే అలవాటు లేని మనిషి. అలాంటిది ఆమధ్య ఒకావిడ కుట్టమన్న కోటుకు రెండూ ఎడమ చేతులే కత్తిరించింది. బట్ట చాలనప్పుడు మడత వేయకుండా ఒక్కో చెయ్యీ విడిగా కత్తిరిస్తారు. రెండోదానికి నమూనా కాగితం తిరగేసి పెట్టాలి. అది మరిచిపోయింది. పని నేర్చుకునే రోజుల్లో కూడా చేయని తప్పు. కొన్నాళ్లకు మళ్లీ చేసింది.

మతిమరుపు జబ్బు మొదలైందనీ, ఇది ముదిరేదే తప్ప తగ్గేది కాదనీ డాక్టరు చెప్పాడు. తండ్రి విని ఊరుకున్నాడు. కూతురు ఊరుకోలేదు. తను పనిచేసే సబ్బులూ అత్తర్లూ అమ్మే దుకాణంలో, చదువుకునే పిల్లలు ధ్యాస నిలవడానికని కొనుక్కుపోయే రోజ్‌మేరీ నూనె ఉంది. ఆ సీసా తెచ్చింది. జబ్బు నయం కానక్కర్లేదు, కత్తెర పట్టుకున్నంతసేపు మనసు నిలిస్తే చాలని తండ్రితో అంది. ఆ కత్తెర కూడా పోతే అమ్మ ఇక మంచం దిగదని ఆమె భయం.

నూనె పనిచేసింది. ఆ తర్వాత ఒక్క చెయ్యీ తప్పు పోలేదు. కూతురు దుకాణానికి వచ్చిన వాళ్లందరికీ అమ్మ సంగతి చెప్పుకునేది.

ఆ రోజు ఆమెకు సెలవు. వంటింట్లో ఉండగా మాడు వాసన వచ్చింది. పొయ్యిమీద ఏమీ మాడలేదు. పరుగున ముందుగదిలోకి వచ్చింది. ఇస్త్రీపెట్టె ఒక కోటు వీపుమీద బోర్లా ఉంది. దాని కిందనుంచి పొగ లేస్తోంది. తల్లి పక్కనే నిలబడి కిటికీలోంచి వీధిని చూస్తోంది.

కూతురు ఇస్త్రీపెట్టె లాగేసి, దగ్గుతూ తల్లి మొహంలోకి చూసింది. ఏదో తోచింది. మరకలు తీసే స్పిరిట్ సీసా మూత తీసి తల్లి ముక్కు దగ్గర పెట్టింది.

"పీల్చమ్మా."

తల్లి కళ్లు మూసుకుని గట్టిగా పీల్చింది. "బాగుందే చిట్టీ, బుర్ర తేటపడింది."

అప్పటికి పెరట్లోంచి తండ్రి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కూతురు ఆయనమీద విరుచుకుపడింది. వాసనే తెలియని మనిషికి ఈ నూనె ఏం చేసిందని అడిగింది. మరి చేతులు సరిగ్గా ఎలా పడుతున్నాయని అడిగింది.

తండ్రి బల్ల దగ్గరికి వెళ్లాడు. కత్తిరించి పెట్టిన ముక్కలు రెండు తెచ్చి తిరగేశాడు. రెంటి వెనకా సుద్దతో చిన్న ఇంటూ గుర్తు ఉంది. అది తల్లి చేతి గీత కాదు.

"టీ తాగడానికి లోపలికి వెళ్తుంది కదా, అప్పుడు కాగితం తిరగేసి పెడతాను. బట్టకు ఏది లోపలి వైపో తెలియడానికి ఈ గుర్తు."

"వాసన ఎప్పుడు పోయింది?"

"ఏడాది దాటింది. నీకు చెప్పొద్దంది. పొద్దున్నే పిల్ల ఆ సీసా పట్టుకుని నవ్వుతూ వస్తుంది, ఆ నవ్వు పోగొట్టకండి అంది."

"ఇద్దరూ కలిసి నన్ను వెర్రిదాన్ని చేశారు నాన్నా."

"మీ అమ్మకు నా సంగతి తెలియదు. నాకు మీ అమ్మ సంగతి తెలుసు. అంతే."

అప్పుడు గుర్తొచ్చింది ఇద్దరికీ, ఆమె అక్కడే ఉందని. తల్లి ఆ సుద్ద గుర్తులమీద బొటనవేలు పెట్టి రుద్ది చూసింది. ఇన్నాళ్లూ తన చేతిలో ఇంకా ఏదో మిగిలే ఉందనుకుంది. కత్తెర తీసి భర్త ముందు పెట్టింది.

"మీరు గీసినదానికి నా చెయ్యెందుకండీ."

తనకు కాజాలు తప్ప ఏం వచ్చని ఆయన అన్నాడు. కత్తెర అక్కడే ఉండిపోయింది.

మర్నాడు తలుపు తీశారు గానీ బల్లమీద బట్ట పరవలేదు. కూతురు సీసా ఎక్కడో దాచేసి ఖాళీ చేతులతో వచ్చింది. తల్లి మెడలో టేపు వేసుకుని కూర్చుని ఉంది.

"చుక్కలు వెయ్యవే."

"ఎందుకమ్మా ఇంకా?"

"చెవిటివాడి ముందు శంఖం ఊదావు ఇన్నాళ్లూ. ఆ శంఖం ఎలా మోగుతుందో అయినా చెప్పు. ఎలా ఉంటుంది ఆ వాసన?"

కూతురు వెళ్లి సీసా తెచ్చింది. దూదిమీద చుక్కలు వేసి, తనే ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగి కాసేపు ఏ వాసనా తెలియలేదు.

"కొత్త బట్ట తాను విప్పితే ఒక వాసన వస్తుంది చూడూ, దానికి కాస్త కర్పూరం కలిపినట్టు ఉంటుందమ్మా. చివర్లో కొంచెం చేదు."

తల్లి తల ఊపింది. కొత్త తాను వాసన ఆమెకు గుర్తుంది. మొహం విచ్చుకుంది. తండ్రి సూదిలో దారం ఎక్కిస్తున్నాడు, అది ఎంతకీ ఎక్కడం లేదు.

కాసేపయ్యాక తల్లి టేపు చివర పట్టుకుని చూసింది.

"చిట్టీ, ఇదేమిటే? ఎలా ఉంటుంది దీని వాసన?"

కూతురు మొదటినుంచీ మళ్లీ చెప్పింది.