ఆమె రాసిన దొంగ సెషన్

“డ్యాం గేట్లు నడిపే సాఫ్ట్‌వేర్‌లో శత్రువుల ముఠా దొంగదారి పెట్టింది. కొత్త వెర్షన్ ఈ మధ్యాహ్నమే రిలీజ్. ఆలోగా పట్టుకోకపోతే దిగువ ఊళ్లన్నీ నీళ్లపాలు. దొరగ్గానే ‘గొడుగు’ అను చాలు.” ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు ఆగిపోయింది.

పవర్ లేని కళ్లద్దాలు, అరువు పేరు, ప్రోగ్రామర్ వేషం. ఏజెంట్ నైన్ ఈ ఆఫీసులో చేరి ఏడాది కావస్తోంది. పలకరించే మనిషి ఒక్కతే, పక్క సీటు టెస్టర్. ఆమె నడిచొస్తుంటే ఆఫీసంతా కీబోర్డులు ఓ క్షణం ఆగేవి. ఆమె మాత్రం తిన్నగా ఇతని దగ్గరికొచ్చి “తిన్నారా?” అనేది. ఆ ఒక్క మాట కోసం రోజూ పెందరాళే వచ్చేవాడు. గూఢచారికి తగని పనని తెలుసు. అయినా వచ్చేవాడు.

కోడంతా జల్లెడ పట్టాడు. ఏమీ దొరకలేదు. ఇక మిగిలినవి ఆమె రాసిన యూనిట్ టెస్టులే, కోడ్‌లో ఒక్కో ముక్కా సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే చిన్న పరీక్షలు.

లాగిన్ అయినవాళ్లెవరో, వాళ్లకి ఏ అధికారాలున్నాయో సర్వర్ గుర్తుపెట్టుకునే చోటే సెషన్. టెస్టులో మనిషీ ఉండడు, బ్రౌజరూ ఉండదు. అందుకని ఓ ఉత్తుత్తి సెషన్ చేసి, పేరూ హోదా మనమే కూరాలి. ఏం కూరితే అదే దాని బతుకు. అతనికి దాని మీద జాలేసింది.

ఆపరేటర్ సెషన్, ఇంజనీర్ సెషన్, ఖాళీ సెషన్. ముచ్చటగా రాసింది. చివర్లో ఇంకొకటుంది. అందులో పేరు లేదు, హోదా లేదు, ‘వెన్నెల’ అనే మాటొక్కటే. రావలసిన ఫలితం: గేట్లన్నీ తెరుచుకోవాలి.

రన్ చేశాడు. పచ్చ టిక్కు పడింది, టెస్ట్ పాస్. ఆ మాటే దొంగదారికి తాళంచెవి.

కోడ్‌లో ఆ మాటని ముక్కలు చేసి దాచారు. కానీ పని తెలిసిన టెస్టర్ కదా, పరీక్షించకుండా దేన్నీ బయటికి వదల్లేకపోయింది. ఆఖరికి తన కుట్రని కూడా.

“ఏంటలా ఉన్నారు? తిన్నారా?” పక్కనుంచి ఆమె.

ఎదురుగా మేనేజర్ రిలీజ్ బటన్ మీదికి వేలు తీసుకెళ్తున్నాడు. ఏజెంట్ నైన్ ఇంకొక్క క్షణం ఆమెని చూశాడు.

“గొడుగు.”

తలుపులు తోసుకుని మనుషులొచ్చిపడ్డారు. మేనేజర్ వేలు గాల్లోనే ఆగిపోయింది. ఆమె స్క్రీన్ వంక చూసింది. అర్థమైంది.

“టెస్ట్ ఎలా ఉంది?”

“చాలా బాగా రాశారు. అందుకే దొరికారు.”

ఆమె నవ్వింది. వాళ్ల మధ్యన నడుచుకుంటూ వెళ్లిపోయింది.

“శభాష్!” ఇయర్‌పీస్‌లో చీఫ్. “ఆవిడ మన ఏజెంటేనయ్యా. నీ మీద కాపలాకి నేనే పెట్టాను. అవతలివాళ్లకీ పనిచేస్తోందని కల్లోనైనా అనుకోలేదు. సరే, నీకేం కావాలో అడుగు.”

“ఆ సీట్లో ఎవర్నైనా కూర్చోబెట్టండి సార్.”

“మళ్లీ కాపలాకా?”

“కాపలాకైనా సరే సార్.”