గుట్ట మీద చిరుత

లెకిషోన్‌ని కాల్చి చంపి ఇరవై రోజులైంది. అతను కాపలా కాస్తున్న మగ ఖడ్గమృగం ఆ పక్కనే, కొమ్ము లేకుండా పడి ఉంది. శవాన్ని జీపులోకి ఎత్తింది ముటీసోనే. పదకొండేళ్ళుగా స్నేహితుడు. అయినా కంట్లో చుక్క నీరు రాలేదు. ఆ రోజు నుంచి ముటీసోకి అన్నం సహించడం లేదని కాదు, సహించినా రుచి తెలియడం లేదు. మనిషి మొద్దుబారిపోయాడు.

లోకానికి ముటీసో అడవి చూడవచ్చే టూరిస్టులను తిప్పే సఫారీ డ్రైవరు. అసలు ఉద్యోగం వేరే. వేటగాళ్ళ ముఠాలను పట్టే రహస్య విభాగంలో ఏజెంటు.

నన్యుకీ బస్టాండు పక్క టీ కొట్లో అతని పై అధికారి ఒయూగి మందాజీ అనే బూరె తుంచి టీలో ముంచాడు.

"మిగిలింది ఆడ ఖడ్గమృగమూ, దాని పిల్లా. ఆ రెంటి మీదే ముఠా కన్ను. రేపు క్లారా అని ఒకావిడ దిగుతోంది. ముఠా మనిషే. ఇప్పుడు మన వైపు తిరిగింది."

"తిరిగిందని ఎవరన్నారు సార్?"

"ఆవిడే."

"బాగుంది."

"వెటకారం ఆపరా బాబూ. ఆవిడ కెమెరా ఫొటోతో పాటు తీసిన చోటు కూడా రాసుకుంటుంది. సిగ్నల్ తగిలిందంటే తనంతట తానే ముఠాకి పంపేస్తుంది. నువ్వు ఖడ్గమృగాన్ని చూపించు. ముఠా నమ్మాలంటే ఫొటో బ్రహ్మాండంగా ఉండాలి. క్యాంపుకొచ్చాక చోటు మార్చి పంపుతుంది. వాళ్ళ హెలికాప్టర్ ఎండిన వాగులో దిగుతుంది. అక్కడ మనవాళ్ళుంటారు."

మర్నాడు పొద్దున్నే ఎయిర్‌స్ట్రిప్ దగ్గర నల్ల కళ్ళద్దాల సుందరి విమానం దిగింది.

"లెన్సు తుడిచే బ్రష్ ఉందా?"

"ఒంటె వెంట్రుకలదే ఉంది మేడం."

కోడ్ సరిపోయింది. క్లారా నవ్వింది. ఎవరైనా పడిపోయే నవ్వే. ముటీసో ఆవిణ్ణి జీపెక్కించుకుని గేరు మార్చాడు.

రేడియోలో బరాకా గొంతు మొదలైంది. అతనూ డ్రైవరే, నోరు మూయడం ఎరగడు. "ఏం ముటీసో, దొరసానికి ఏమైనా చూపించావా, నీ ఏడుపు మొహమే చూపిస్తున్నావా?"

"నీ మొహం కంటే నయమేలే."

తొమ్మిదింటికి తుమ్మ పొదల వెనక ఖడ్గమృగం కనబడింది. పిల్ల దాని పొట్ట కింద దూరి నిలబడింది. క్లారా చేటంత లెన్సు ఎత్తి టకటకా నాలుగు నొక్కింది. "చాలు, పద" అంది.

ముటీసో చెయ్యి తాళం చెవి మీదే ఉండిపోయింది. ఇన్నేళ్ళలో అంత లెన్సు పట్టినవాళ్ళెవరైనా మొదట అరిచేది "ఇంజన్ ఆపు" అనే. డీజిల్ బండి వణుకుతుంటే ఫొటో అలుక్కుపోతుంది. ఈవిడ అడగనే లేదు. అంటే ఈవిడకి ఫొటోతో పని లేదు. ముఠాని నమ్మించే పనీ లేదు. కావలసింది ఆ చోటొక్కటే.

"క్యాంపుకేనా మేడం?"

"అబ్బే, ఆ గుట్ట మీదికి పోనియ్. అక్కడి నుంచి అంతా బాగా కనిపిస్తుందట."

ఈ చుట్టుపక్కల సిగ్నల్ తగిలేది ఆ గుట్ట మీదే. అక్కడికెక్కితే అసలు చోటే ముఠాకి వెళ్ళిపోతుంది. ముటీసో రేడియో అందుకున్నాడు.

"గుట్ట మీద చిరుత. పిల్లలతో ఉంది."

క్లారా తల తిప్పింది. "చిరుతా? ఎక్కడ?"

"చూద్దాం మేడం."

గుట్టెక్కి బండి ఆగింది. కెమెరా పక్కన చిన్న ఆకుపచ్చ దీపం మిణుకుమంది. సిగ్నల్ వెతుక్కుంటోంది. ముటీసో వెనక్కి వంగి ఆ కెమెరాని లాక్కుని, ఒక్క ఊపున కింద నీటి మడుగులోకి విసిరేశాడు. మడుగులో నీటిగుర్రాలు గుర్రుమన్నాయి.

"కావాలంటే దిగి తెచ్చుకోండి."

క్లారా చేతిలోకి పిస్తోలు వచ్చింది. నవ్వు ఎటు పోయిందో. "పద వెనక్కి. మళ్ళీ చూపిస్తావ్. లేకపోతే నీ స్నేహితుడి పక్కనే పడుకుంటావ్."

"లెకిషోన్‌ని నువ్వేనా?"

"చోటు మాత్రం నేనే చెప్పాను."

ఇన్నాళ్ళూ ఈ మాట వింటే ఒళ్ళు మండుతుందనుకున్నాడు. మండలేదు. "కాల్చు" అన్నాడు, టీ వద్దన్నంత మామూలుగా.

ఆవిడ వేలు బిగిసింది. అప్పుడే దుమ్ము లేపుకుంటూ బరాకా బండి గుట్టెక్కింది. వెనకాలే ఇంకోటి, దాని వెనక మరో తొమ్మిది. చిరుత పేరు చెబితే ఏ డ్రైవరు ఆగుతాడు? బండ్ల తెరిచిన పైకప్పుల్లోంచి టూరిస్టుల లెన్సులు ముప్పై లేచాయి. చిరుత లేదు. పిస్తోలు పట్టుకున్న అందగత్తె ఉంది. అదీ చూడదగ్గదే కదా, క్లిక్కు క్లిక్కు క్లిక్కు.

"చిరుత ఏదయ్యా?" అని ఒక ముసలావిడ బరాకాని నిలదీసింది.

క్లారా పిస్తోలు దించింది.

ఆ సాయంత్రం హెలికాప్టర్ చప్పుడు లేదు. తల్లీ పిల్లా వాగు దాటి మేతకి పోయాయి. బైనాక్యులర్స్‌లో వాటిని చూస్తూ, లోపల ఏదైనా కదులుతుందేమోనని ముటీసో చాలాసేపు కనిపెట్టుకుని కూర్చున్నాడు. ఏమీ కదల్లేదు.

పక్కన కూర్చున్న ఒయూగి భుజం తట్టాడు. "నా తప్పే, ఆవిణ్ణి నమ్మాను. నువ్వు మనిషివి కావడం లేదు ముటీసో. ఒక నెల సెలవు పెట్టు. ఎక్కడికైనా పోయి మనసు బాగు చేసుకుని రా."

"ఎక్కడికి పోను సార్? అందుకోసం లోకమంతా ఇక్కడికే వస్తోంది."